‘వాళ్లకి ఇల్లు ఎందుకు లేదమ్మా?’ అని ఎనిమిదేళ్ల పాప అడిగినప్పుడు

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైన పరిస్థితి ఇది. విజయనగరంలో తోటపాలెం వైపు మీ ఇంటి పక్క స్థలంలో అపార్టుమెంటు కడుతున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుటుంబం అక్కడ కాపలా ఉంటూ, కట్టుబడి పని చేసుకుంటూ, తలుపులు కిటికీలు ఇంకా పెట్టని కింది అంతస్తులో కాపురం ఉంటోంది. వాళ్ల పెద్దమ్మాయికీ, మూడో తరగతి చదువుతున్న మీ పాపకూ వేసవి సెలవుల్లో స్నేహం కుదిరింది. అప్పటినుంచి మీ పాప వాళ్లకి ఇల్లు ఎందుకు లేదని, మన ఇంట్లో ఖాళీగా ఉన్న గది వాళ్లకి ఎందుకు ఇవ్వకూడదని, ఆ అమ్మాయి బడికి ఎందుకు వెళ్లడం లేదని అడుగుతోంది. మీ అత్తగారు ఆ అమ్మాయికి మంచినీళ్లు వేరే గ్లాసులో ఇస్తున్నారు. సంక్రాంతికల్లా కట్టడం పూర్తయితే ఆ కుటుంబం వెళ్లిపోతుంది. ఈ స్నేహాన్ని ప్రోత్సహించాలా, లేక పాప మనసు కష్టపడకముందే మెల్లగా తగ్గించాలా అన్నది మీ ప్రశ్న.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. వలస కుటుంబాల పిల్లలు సంవత్సరం మధ్యలో వచ్చి, మధ్యలోనే వెళ్లిపోవడం, వాళ్లతో తోటిపిల్లలు ఎలా మెలిగారన్నది దగ్గరగా చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. ఈ స్నేహాన్ని మీరు పనిగట్టుకొని పెంచనక్కర్లేదు, తగ్గించడం మాత్రం తప్పు. పెద్దవాళ్ల వల్ల అది చెడిపోకుండా చూడటమే మీ పని.

చెడిపోవడం అంటే కోపతాపాల వల్ల కాదు, అవి పిల్లలు గంటలో మరిచిపోతారు. మంచి ఉద్దేశంతోనే చదువుకున్న తల్లిదండ్రులు ఎక్కువగా చేసేది ఒకటుంది. ఎదుటి బిడ్డను తమ బిడ్డకు పాఠంగా చూపించడం. ‘చూశావా, ఆ పాపకి ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉందో, నీకు అన్నీ ఉన్నా ఏడుస్తావు’ అన్న ఒక్క మాటతో ఆ అమ్మాయి మీ పాపకు స్నేహితురాలు కాకుండా పోతుంది. కూర వద్దని పేచీ పెట్టినప్పుడల్లా ఆ అమ్మాయి పేరు ఎత్తితే మీ పాప కొన్నాళ్లకు ఆమెను తప్పించుకు తిరుగుతుంది. ఎవరి పేరు చెప్పి తనను తిడుతున్నారో వాళ్లతో ఆడుకోవాలని ఏ బిడ్డకు ఉంటుంది?

ఇక ప్రశ్నల సంగతి. నాలుగైదేళ్ల పిల్లలు లేమిని వస్తువుల్లో చూస్తారు. చెప్పులు లేవు, ఫ్యాను లేదు, టీవీ లేదు అని గమనిస్తారు, కారణం అడగరు. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి కారణం కావాలి. అప్పటికి వాళ్ల చేతిలో ఉన్న కారణం ఒకటే, బడిలోనూ ఇంట్లోనూ రోజూ వినేది: బాగా చదివితే, కష్టపడితే అన్నీ వస్తాయి. దాన్ని తిరగేస్తే, లేనివాళ్లు కష్టపడలేదన్న తీర్మానం దానంతటదే వస్తుంది. మనం సమాధానం దాటవేస్తే ఆ ఖాళీని ఈ తీర్మానమే నింపుతుంది. అయితే మీ పాపకు ఒక అదృష్టం ఉంది. ఆ అమ్మాయి తల్లి తెల్లవారకముందే లేచి, గోడలు తడిపి, ఇటుకలు మోసి, చీకటి పడ్డాక పొయ్యి వెలిగించడం ఆ పిల్ల కళ్లారా చూస్తోంది. తాను విన్నదీ చూస్తున్నదీ పొసగడం లేదు కాబట్టే ఆమె అంతగా అడుగుతోంది.

సమాధానం చెప్పేముందు ఒక విషయం సరిచూసుకోవాలి. వాళ్లకు ‘ఇల్లు లేదు’ అని మీరిద్దరూ అనుకుంటున్నారు. మన జిల్లాల నుంచి వలస వెళ్లే చాలా కుటుంబాలకు ఊళ్లో ఇల్లు ఉంటుంది, ఆ ఇంట్లో ఉంటూ బతకడానికి పని ఉండదు. నా తరగతిలో ఒక పిల్ల ‘మాకు ఊర్ల ఇల్లుంది టీచర్, తాళమేసీసి వచ్చీసినాం’ అని గట్టిగా చెప్పేది. ఎవరైనా తనను ఇల్లు లేనిదానిగా మాట్లాడితే ఆమె ముఖం ఎర్రబడేది. మరికొందరికి నిజంగానే ఏమీ ఉండదు. ఒక కట్టడం పూర్తయితే మేస్త్రీ చెప్పిన ఇంకో కట్టడానికి సామానుతో వెళ్లిపోవడమే వాళ్ల చిరునామా. బడి దరఖాస్తులో చిరునామా గడి దగ్గర మేస్త్రీ పేరు రాయించిన తండ్రులు నాకు తెలుసు. కాబట్టి మీ పాపతో, ‘వాళ్ల ఊరు ఏది, అక్కడ ఇల్లు ఎలా ఉంటుంది అని మాటల్లో ఎప్పుడైనా అడుగు, చెప్తే విను, చెప్పకపోతే వదిలెయ్’ అనండి. ‘మీకు ఇల్లు లేదా?’ అని అడగనివ్వకండి.

తర్వాత నిజమైన కారణాలు చెప్పండి, ఊరి పేర్లతో, చెట్ల పేర్లతో చెప్పండి. ఆ కుటుంబం ఉద్దానం నుంచి వచ్చిందన్నారు కనుక తిత్లీ తుపాను సంగతి చెప్పవచ్చు. 2018 అక్టోబరు 11న అది పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి తోటలూ జీడి తోటలూ వేళ్లతో సహా పడిపోయాయి. కొబ్బరి మొక్క నాటితే సరిగా కాపుకు రావడానికి ఐదారేళ్లకు తక్కువ పట్టదు. తోట ఉన్నవాడికి పరిహారమో అప్పో ఏదో ఒకటి దొరికే అవకాశం ఉంటుంది. ఆ తోటలో కూలికి వెళ్లేవాడికి మరుసటి రోజు నుంచే పని లేదు. ఉద్దానంలో ఏళ్ల తరబడి పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఒక ఇంట్లో సంపాదించే మనిషికి వస్తే, రోజుకూలి పోవడం, ఆసుపత్రి ప్రయాణాలు, అప్పు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఈ కుటుంబానికి ఇవే జరిగాయని నేను అనడం లేదు. కష్టపడేవాళ్లకు కూడా చోటు తప్పిపోయే దారులు ఎలా ఉంటాయో పిల్లకు తెలియడానికి ఇవి చాలు. ‘తోట పడిపోతే ఆ తోటలో పనిచేసేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి?’ అని మీరు తిరిగి అడిగితే ఎనిమిదేళ్ల పిల్ల ఆలోచించగలదు.

అక్కడితో ఆగకుండా మీ ఇంటి వలసల గురించి కూడా చెప్పండి. మన వైపు వలస తెలియని ఇల్లు దాదాపు లేదు. విశాఖపట్నమో, హైదరాబాదో, చెన్నైయో ఎవరో ఒకరు వెళ్లే ఉంటారు. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో మన రెండు జిల్లాల మత్స్యకారులు కొందరు అలాగే పాకిస్తాన్‌కు పట్టుబడి, వాళ్లలో ఎక్కువమంది 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేకపోయారు. మీ మామగారో, మీ నాన్నగారో అద్దె గదిలో ఎన్నేళ్లు ఉన్నారో పాపకు తెలుసా? తెలిస్తే, ఇల్లు అనేది కొందరికి పుట్టుకతో వచ్చే గుణం అనుకోవడం తగ్గుతుంది.

ఖాళీ గది ప్రశ్న దగ్గర చాలామంది తల్లులు తడబడి అబద్ధం చెబుతారు. ‘వాళ్లకి అక్కడే బాగుంటుంది’ అన్నది అందులో అతి చెడ్డ అబద్ధం, ఎందుకంటే దోమల్లో పడుకోవడం ఎవరికీ బాగుండదని పిల్లకు తెలుసు. రెండు నిజాలు ఉన్నాయి, రెండూ చెప్పండి. మొదటిది, ఆమె తండ్రికి జీతం వచ్చేదే రాత్రిపూట ఆ సిమెంటు బస్తాలూ ఇనుప కడ్డీలూ ఉన్నచోట పడుకున్నందుకు, కనుక ఆయన మన గదిలో పడుకుంటే పని పోతుంది. రెండోది, అది లేకపోయినా మనం ఆ గది ఇచ్చి ఉండేవాళ్లం కాదేమో అని ఒప్పుకోవడం. ‘ఒక కుటుంబాన్ని ఇంట్లో ఉంచుకోవడం పెద్ద నిర్ణయం, మేం దానికి సిద్ధంగా లేం, నీకు అది నచ్చకపోవచ్చు’ అని చెప్పండి. పిల్ల మీమీద కొంచెం కోపగించుకుంటే కోపగించుకోనివ్వండి. ఆ కోపం ఆరోగ్యకరమైనది. వెంటనే మిఠాయితో దాన్ని చల్లార్చవద్దు.

స్నేహం వల్ల పిల్లల మనసులు నిజంగా మారతాయా, ఇదంతా మన ఆశేనా అని మీకు సందేహం ఉండవచ్చు. ఢిల్లీలో రాయితీ భూమి పొందిన పెద్ద ప్రైవేటు పాఠశాలలు 2007 నుంచి పేద పిల్లలకు సీట్లు ఇవ్వవలసి వచ్చింది. దాని ఫలితాన్ని గౌతమ్ రావు అనే ఆర్థికశాస్త్రవేత్త పరిశీలించి 2019లో ప్రచురించారు. పేద పిల్లలతో కలిసి చదివిన సంపన్న పిల్లలు ఇతరులతో పంచుకోవడంలో ముందున్నారు, పరుగుపందెం జట్టుకు తోడును ఎంచుకునేటప్పుడు పేద పిల్లలను తక్కువగా తోసిపుచ్చారు, వాళ్లతో ఆడుకోవడానికి ఎక్కువగా ఇష్టపడ్డారు. చదువు మార్కులు హిందీ, లెక్కల్లో తగ్గలేదు, ఇంగ్లిషులో మాత్రం కొద్దిగా తగ్గాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే అంశం. కొన్ని బళ్లలో పేర్ల అక్షరక్రమంలో చదువు జట్లు చేశారు. అలా యాదృచ్ఛికంగా పక్కపక్కన కూర్చుని పనిచేసిన పిల్లల్లోనే ఆ మార్పు చాలావరకు కనిపించింది. ఒకే గదిలో ఉండటం ఒక్కటే సరిపోలేదు. అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే దీనికి షరతులు చెప్పారు: కలిసినవాళ్లు ఆ సమయంలో సమానులుగా ఉండాలి, ఒకే పనికోసం కలిసి పనిచేయాలి, పెద్దలు దానికి మద్దతుగా నిలవాలి. ఇద్దరు పిల్లలు ఇసుక గుట్ట మీద గుడి కడుతున్నప్పుడు మొదటి రెండు షరతులు వాటంతటవే తీరుతాయి. మూడోది మీ చేతిలో ఉంది.

ఆ సమానత్వం నిలవాలంటే మీ పాప ఇచ్చేదిగానే మిగలకూడదు, తీసుకోవడం కూడా రావాలి. ఆ అమ్మాయికి గచ్చకాయలు ఎగరేసి పట్టడం మీ పాపకన్నా బాగా వచ్చి ఉంటుంది. తేగలు ఎలా కాల్చాలో, జీడిపిక్కలు కాల్చేటప్పుడు ఎందుకు దూరంగా నిలబడాలో, చంటి తమ్ముణ్ని చంకనేసుకుని ఆట ఎలా ఆడాలో ఆమెకు తెలుసు. అవి నేర్పించుకోమనండి. వాళ్లమ్మ చోడి (రాగి) అంబలి పోసి ఇస్తే తాగి రమ్మనండి, నీళ్లు కాచినవేనా అన్న ఒక్క సందేహం తప్ప మరో అభ్యంతరం పెట్టకండి. మీ ఇంట్లో తినని పిల్ల అక్కడ తిన్నదని తెలిస్తే ఆ తల్లికి కలిగే తృప్తి మీరు ఇచ్చే పాత గౌనుల వల్ల కలగదు.

పాత బట్టల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఇవ్వాలనుకుంటే మీరే వెళ్లి ఆ తల్లిని అడిగి, ఆమె సరేనంటే ఆమె చేతికే ఇవ్వండి. పాప చేత ఇప్పించవద్దు, ఆ గౌను వేసుకుని వచ్చిన రోజు ‘అది నాదే’ అనకూడదని పాపకు ముందే చెప్పండి. ఈ మధ్య పుట్టినరోజు నాడు పిల్లల చేత రోడ్డు పక్కవాళ్లకు దుప్పట్లు ఇప్పించి ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం ఒక వేడుకగా మారింది. దుప్పటి అందుకున్నవాడి ముఖం ఎందుకు ఆ ఫోటోలో ఉండాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మీ అత్తగారి గ్లాసు విషయం చిన్నది కాదు. మీరు దాన్ని శుభ్రత అని రాశారు. శుభ్రతే అయితే మీ పాప మిగతా స్నేహితురాళ్లకు కూడా వేరే గ్లాసు ఉండాలి కదా? దాని వెనక కులం ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఇంకొన్నాళ్లకు ఆ అమ్మాయికీ తెలుస్తుంది, బహుశా ఇప్పటికే తెలుసు. పిల్లల ముందు అత్తగారితో వాదించవద్దు, అలా వాదిస్తే ఆ అమ్మాయి మళ్లీ గడప తొక్కదు. ఆటకు వచ్చే పిల్లలందరికీ ఒకే రకం స్టీలు గ్లాసులు ఒక పళ్లెంలో పెట్టి బయట వరండాలో ఉంచండి, ఎవరికి వారు ముంచుకు తాగుతారు. పెద్దావిడతో విడిగా మాట్లాడేటప్పుడు సిద్ధాంతం కన్నా మనవరాలి మాట ఎక్కువ పనిచేస్తుంది. ‘మీరు ఇలా చేస్తే పాప మీ దగ్గర కాకుండా వాళ్ల దగ్గరే తాగి వస్తానంటోంది’ అని చెప్పి చూడండి.

పేల భయం గురించి అడిగారు. పేలు బడిలో ఎవరి తలనుంచైనా వస్తాయి. ఇద్దరికీ ఒకే రోజున తల దువ్వి మందు రాయండి, ఎవరి నుంచి ఎవరికి వచ్చాయన్న విచారణ వద్దు. నిజంగా భయపడవలసినది కట్టడం. మూత లేని సంపు, లిఫ్టు కోసం వదిలిన గొయ్యి, బయటికి పొడుచుకు వచ్చిన కడ్డీలు, తీగలు ఊడిన కరెంటు మోటారు ఉన్నచోట పిల్లలు ఆడకూడదు, మీ పాప ఒక్కతే కాదు, ఆ పిల్లలు కూడా. ఆట మీ వరండాలోనో వీధిలోనో జరగాలని రెండు కుటుంబాలూ కలిసి అనుకోండి. సంపుకు మూత వేయించమని బిల్డరును అడిగే చనువు కాపలాదారుడికి ఉండదు, పొరుగింటివారిగా మీకు ఉంటుంది.

ఇదే నేను మరింత వివరంగా చెప్పదలచుకున్నది. పిల్ల చేయగలిగేది స్నేహం, అంతకుమించి భారం దానిమీద వేయకూడదు. మిగతాది పెద్దవాళ్ల పని, అది చాలావరకు కాగితాల పని. మూడో ప్రశ్నకు, అంటే ఆ అమ్మాయి బడికి ఎందుకు వెళ్లడం లేదన్నదానికి, మీరు మాటల్లో కాకుండా చేతల్లో సమాధానం చెప్పగలరు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు ఎలిమెంటరీ విద్య పూర్తిచేసే హక్కు ఉంది. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో చేర్చుకోవడం నిరాకరించకూడదు. విద్యా సంవత్సరం మొదలయ్యాక వచ్చినా చేర్చుకోవాలి. బదిలీ సర్టిఫికెట్ రావడం ఆలస్యమైందని ఆపకూడదు. రెండేళ్లు చదువు మానేసిన పిల్లను కూడా వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనకబడినది అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఇవన్నీ చట్టంలో ఉన్నా, కూలిపని తండ్రి ఒక్కడే బడికి వెళ్తే ‘ఆధార్ తెచ్చావా, టీసీ తెచ్చావా’ అని అడిగి రేపు రమ్మంటారు, ఆ రేపటి కూలి పోతుందని అతడు మళ్లీ వెళ్లడు. మీరు ఒకరోజు అతని భార్యతో కలిసి నడిచివెళ్లగలిగిన దూరంలో ఉన్న మున్సిపల్ పాఠశాలకు వెళ్లండి. ప్రధానోపాధ్యాయులతో మర్యాదగానే మాట్లాడండి, మావాళ్లలో ఎక్కువమంది చేర్చుకోవడానికే చూస్తారు. బడిలో మధ్యాహ్న భోజనం ఉంటుంది, ఆ తల్లికి అది చిన్న విషయం కాదు. అయితే ముందుగా ఒకటి కనుక్కోండి: ఆ అమ్మాయి బడికి వెళ్తే తమ్ముణ్ని ఎవరు చూస్తారు? చాలా ఇళ్లలో పెద్దపిల్ల చదువు ఆగేది ఇక్కడే. దగ్గర్లోని అంగన్‌వాడీలో వాడిని చేర్పిస్తే దారి తెరుచుకుంటుంది.

తల్లిదండ్రుల విషయంలో తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పదిమంది, ఆపైన పనిచేసే కట్టుబడులకు వర్తించేది, 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక స్మృతులు వచ్చాయి. ఆ పాత చట్టం ప్రకారం పని జరుగుతున్నంతకాలం కార్మికులకు వంటకూ స్నానానికీ మరుగుదొడ్డికీ వసతి ఉన్న తాత్కాలిక నివాసం యజమానే ఉచితంగా కల్పించవలసి ఉండేది. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఊళ్లో ఉన్న రేషన్ కార్డు మీద సరుకులు ఇక్కడ కూడా తీసుకోవచ్చు. ఇవి మీరు గుర్తుచేస్తే చాలు, ఏం చేయాలన్నది వాళ్ల నిర్ణయం. మేస్త్రీతో పేచీ వస్తుందని వాళ్లు వద్దంటే మీరు పట్టుబట్టకండి. మీరు ఇక్కడే ఉంటారు, వాళ్లకు రేపు ఇంకో కట్టడం కావాలి.

మీ పాప పెద్దయ్యాక చదివే లెక్కల్లో ఇలాంటి కుటుంబాలు సులువుగా కనిపించవని కూడా ఏదో ఒకరోజు చెప్పండి. 2011 జనగణన దేశంలో ఇల్లు లేనివాళ్లను దాదాపు 17.7 లక్షలుగా లెక్కించింది. రోడ్డు పక్క, ఫ్లైఓవర్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉండేవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. పైన కప్పు, చుట్టూ సగం గోడలు ఉండి, ఆరునెలల్లో ఖాళీ చేయవలసినవాళ్ల సంగతి అందులో తేలదు.

వెళ్లిపోయే రోజు గురించి మీ భయం సహజమే. అందుకోసం ఇప్పుడే దూరం చేయడం మాత్రం అన్యాయం. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడటానికి ఇద్దరినీ కలిపి తీసుకెళ్లండి, ఆ తోపులాటలో చేతులు పట్టుకుని నడిచిన జ్ఞాపకం ఇద్దరికీ ఉంటుంది. ఆ తర్వాత నుంచి ‘సంక్రాంతికి వాళ్ల పని అయిపోతుంది, వేరే చోటికి వెళ్తారు’ అని మాటల్లో రానివ్వండి. చెప్పకుండా దాచి, ఒక ఉదయం వెళ్లి చూస్తే ఎవరూ లేరన్నట్టు జరగడమే పిల్లలను ఎక్కువగా బాధిస్తుంది. పెద్దవాళ్ల ఫోన్ నంబర్లు మార్చుకోండి, కానీ ‘రోజూ మాట్లాడుకుంటారు’ అని మాట ఇవ్వకండి, ఆ నంబరు రెండు నెలల్లో మారిపోవచ్చు. పాప ఏడిస్తే ఏడవనివ్వండి. స్నేహితురాలు వెళ్లిపోతే ఏడవడం సహజం, దానికి వేరే పేరు పెట్టనక్కర్లేదు.

వాళ్లు సామాను కట్టుకునే వారంలో మీరు చేయవలసిన పని ఒకటి మిగులుతుంది. ఆ హడావిడిలో బడికి వెళ్లి టీసీ తీసుకోవడం ఎవరికీ గుర్తుండదు. ముందురోజే ఆ తల్లితో వెళ్లి అది తీసుకోండి, పిల్ల ఏ తరగతిలో ఎంతవరకు చదివిందో ఉపాధ్యాయుల చేత ఒక కాగితం మీద రాయించండి, రెండు జిరాక్సులు తీయించి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. టీసీ లేదని ఆపకూడదని చట్టం చెబుతున్నా, కాగితం చేతిలో ఉంటే కొత్త ఊళ్లో ఆమె తండ్రి వాదించనక్కర్లేదు, ఒకరోజు కూలి మిగులుతుంది.